ఓడ ఎక్కే ముందు హిసాబ్



"కాలాపానీకి అంగ్రేజోళ్ళు మనుషుల్ని పంపేవాళ్ళని విన్నాను బేటా. నువ్వేంది, కారును పంపుతానంటున్నావు?"

2023 జనవరిలో నాకు పోర్ట్ బ్లెయిర్ ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చిన రోజు అమ్మీ అన్న మాట ఇది. (ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. నేను వెళ్ళేనాటికి పోర్ట్ బ్లెయిరే.) మా ఇంట్లో అందరం నవ్వాం. అమ్మీ నవ్వలేదు. ఆమెకు అండమాన్ అంటే చిన్నప్పుడు విన్న కహానీలే. 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌల్వీ అలావుద్దీన్‌ను పంపింది అక్కడికే. ఆయన మళ్ళీ వెనక్కి రాలేదు, ఆ మట్టిలోనే కలిసిపోయారు. అమ్మీ దృష్టిలో ఆ సముద్రం దాటడమంటే మామూలు బదిలీ కాదు.

కారు మా అబ్బాది. 2013లో కొన్న వ్యాగన్ ఆర్. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా రిటైరయ్యాక, వచ్చిన డబ్బులో కొంత పెట్టి, మిగతాది బ్యాంకులో లోను తీసుకుని కొన్నారు. గుంటూరు నంబరు, ఏపీ 07. అబ్బా 2021 ఆగస్టులో ఇంతెఖాల్ అయ్యారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అప్పటి నుంచీ ఆ కారు నా దగ్గరే ఉంది. ఎవరూ ఇమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. ఇంటికి ఒక్కగానొక్క కొడుకును. తాళాలు నా జేబులోకి వచ్చేశాయి, అంతే.

కారును ద్వీపానికి తీసుకెళ్ళడం లాభమా నష్టమా అని లెక్క వేసుకునేవాళ్ళ కోసం ముందు ఆ సంగతి చెబుతాను. పదేళ్ళ పాత బండి విషయంలో లెక్క ఎప్పుడూ అమ్మేయమనే చెబుతుంది. నాకు పంపే ఖర్చు అన్నీ కలిపి కారు ధరలో అయిదో వంతు దాకా అయింది. పోర్ట్ బ్లెయిర్‌లో షోరూములున్నాయి, కొత్త బండి అక్కడే కొనుక్కోవచ్చు. మా లాంటి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఒక వెసులుబాటు ఉంది. లెవెల్ 6, ఆ పైన ఉన్నవాళ్ళు బదిలీ మీద ఒక కారు తీసుకెళ్తే ఆ రవాణా ఖర్చు నిబంధనల మేరకు వెనక్కి వస్తుంది. మామూలు బదిలీకి మూల వేతనంలో 80 శాతం గ్రాంటు ఇస్తే, అండమాన్, లక్షద్వీప్‌లకు 100 శాతం ఇస్తారు. అయినా సరే, బండి పాతదైతే అమ్మడమే నయం. ఆఫీసులో అందరూ అదే చెప్పారు.

నేను మాత్రం "అబ్బా యాద్‌గార్ అది, అమ్మలేను" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు గొంతు కూడా పూడుకుపోయింది. విన్నవాళ్ళంతా మెచ్చుకున్నారు. కొడుకంటే ఇలా ఉండాలి అన్నారు. ఆ మెచ్చుకోలు ఎన్నాళ్ళో నిలవలేదు.

కారును పంపించే ఏజెంటు ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న: "ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది సార్?"

"మా ఫాదర్ పేరు మీద."

"ఆయన్ని ఒక లెటర్ ఇవ్వమనండి."

"ఆయన లేరు."

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "ముందు మీ పేరు మీదకు మార్చుకోండి సార్, తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

అప్పుడు గానీ కాగితాల ఫైలు తెరవలేదు నేను. తెరిచాక సిగ్గేసింది. బండి యజమాని చనిపోతే 30 రోజుల్లోపు రవాణా ఆఫీసుకు తెలపాలి. 3 నెలల్లోపు ఫారం 31 పెట్టి వారసుడి పేరు మీదకు మార్పించుకోవాలి. నేను ఏడాదిన్నర పైగా అలాగే నడిపాను. ఇన్సూరెన్సు పాలసీ కూడా, యజమాని పోయాక 3 నెలలు గానీ, పాలసీ గడువు తీరేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. నేను ఆన్‌లైన్లో అబ్బా పేరుతోనే దర్జాగా రెన్యువల్ చేస్తూ వచ్చాను. ఆ మధ్యలో ఏ ఆక్సిడెంటో అయి ఉంటే ఏమయ్యేదో అల్లాహ్‌కే తెలుసు. మీ ఇంట్లో కూడా మర్హూమ్ పేరు మీద బండి తిరుగుతుంటే, ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూసుకోండి.

ఇంకా ఉంది. అబ్బా లోను 2018లోనే తీర్చేశారు. బ్యాంకు ఇచ్చిన కాగితం బీరువాలో భద్రంగా ఉంది. కానీ ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. అప్పు తీరితే సరిపోదు, ఫారం 35 పెట్టి ఆ హైపాథికేషన్ కొట్టేయించాలి. మళ్ళీ బ్యాంకు చుట్టూ తిరిగాను. ఆ తర్వాత ఆన్‌లైన్లో చూస్తే రెండు చలాన్లు బాకీ ఉన్నాయి. రెండూ స్పీడుగా వెళ్ళినందుకు. రెండూ 2022వి. జీవితంలో 60 దాటి నడపని మనిషి పేరు మీద, ఆయన పోయిన ఏడాదికి, నా తప్పులు రాసి ఉన్నాయి. ఆ రెండు చలాన్లు కడుతున్నప్పుడు నాకు కలిగిన షర్మిందగీ, మొత్తం డబ్బు ఎంతైందన్న లెక్కలో రాదు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఫారం 31తో పాటు వారసులందరి సంతకాలు కావాలన్నారు. అమ్మీ, తెనాలిలో ఉన్న ఆపా, ఒంగోలులో ఉన్న ఛోటీ. బండి నా పేరు మీదకు మారడానికి మాకు అభ్యంతరం లేదని నోటరీ దగ్గర రాసివ్వాలి.

ఆపా నవ్వుతూ వచ్చి సంతకం పెట్టి, చాయ్ తాగి వెళ్ళింది. ఛోటీ ఒంగోలు నుంచి బస్సులో వచ్చింది. మార్చి ఇంకా రాలేదు గానీ ఎండ అప్పుడే మొదలైంది. చంకలో చిన్నోడు. నోటరీ ఆఫీసులో కాగితం చదవకుండానే సంతకం పెట్టింది. తిరిగి బస్టాండులో దింపడానికి కారు తీశాను. ముందు తలుపు తెరిస్తే, వెనక సీట్లో కూర్చుంది.

"ముందుకు రా ఛోటీ."

"ఫర్వాలేదు భయ్యా. ఇక్కడ బాగుంది."

బస్టాండు దాకా ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. దిగేటప్పుడు చిన్నోడి చేత నాకు సలాం చెప్పించింది. కారు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఆమె ఎందుకు ముందు కూర్చోలేదో నాకు తెలుసు. 2022 రంజాన్‌కు ముందు చిన్నోడికి జ్వరం తగ్గట్లేదని, గుంటూరులో పెద్ద డాక్టరుకు చూపించాలని, రెండు రోజులు కారు పంపమని అడిగింది. "టైర్లు బాగాలేవు, దూరం వద్దులే" అన్నాను. ఆ వారమే నేను అదే టైర్లతో ఫ్రెండ్స్‌తో సూర్యలంక బీచికి వెళ్ళొచ్చాను. ఫోటోలు స్టేటస్‌లో పెట్టుకున్నాను. ఆమె చూసే ఉంటుంది. ఒక్క మాట అనలేదు.

ఆ శుక్రవారం జుమా అయ్యాక మా మసీదు హజ్రత్‌ను పక్కకు పిలిచి అడిగాను. "చెల్లెళ్ళు రజామందీతో సంతకాలు పెట్టారు హజ్రత్. కారు ఇప్పుడు నాదే కదా?"

ఆయన ఎదురు ప్రశ్న వేశారు. "కారు ఖరీదెంతో వాళ్ళకు చెప్పావా? అందులో వాళ్ళ హిస్సా ఎంతో చెప్పావా?"

"లేదు."

"తన హక్కు ఎంతో తెలియని మనిషి ఏం మాఫ్ చేసినట్టు? ముందు వాళ్ళ హిస్సా లెక్క కట్టు. వాళ్ళ చేతిలో పెట్టు. చేతికి వచ్చాక వాళ్ళు తిరిగిస్తే అది వాళ్ళ ఇష్టం, నీకు హలాల్. నోరు తెరిచి అడగలేని చెల్లెలి మౌనాన్ని రజామందీ అనుకోకు."

ఆ రోజే పాత కార్లు అమ్మే ఇద్దరి దగ్గర ధర కట్టించాను. 2,40,000 వస్తుందన్నారు. అబ్బా మీద అప్పుల్లేవు, వసీయత్ లేదు. పిల్లలున్నారు కాబట్టి అమ్మీకి ఎనిమిదో వంతు: 30,000. మిగిలిన 2,10,000లో కొడుక్కు రెండు పాళ్ళు, కూతుళ్ళకు ఒక్కొక్కటి. నాకు 1,05,000. ఆపాకు 52,500. ఛోటీకి 52,500. కాగితం మీద నాలుగు లైన్లు. ఈ నాలుగు లైన్లు రాయడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అది కూడా ఓడ వాళ్ళు అడిగితే.

అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. "అబ్బా యాద్‌గార్" అనే మాట వెనక నేను వాళ్ళ హిస్సా దాచుకున్నాను. కావాలని కాదు, అలా అని నన్ను నేను నమ్మించుకున్నాను. యాద్ అంటే ఎవరూ ధర అడగరు. ధర అడగకపోతే పంపకం ఉండదు. ఇల్లు, పొలం విషయంలో మన ఇళ్ళల్లో కొట్లాటలు జరుగుతాయి. కార్లు, బండ్లు, బీరువాలు, అబ్బా వాచీ, ఇవి మాత్రం చప్పుడు లేకుండా కొడుకు ఇంట్లోకి వెళ్ళిపోతాయి.

కాగితాలు పూర్తయి ఆర్సీ నా పేరు మీదకు వచ్చాక, గుంటూరు రవాణా ఆఫీసు నుంచి ఎన్ఓసీ తీసుకున్నాను. ఫారం 28. ట్యాక్సు, చలాన్లు ఏవీ బాకీ లేవని, బండి దొంగతనం కేసుల్లో లేదని చూసుకుని ఇస్తారు. వేరే రాష్ట్రానికో కేంద్రపాలిత ప్రాంతానికో బండి తీసుకెళ్ళి 12 నెలలకు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. ఎన్ఓసీ లేకుండా వెళ్తే, సముద్రం అవతలి నుంచి ఈ కాగితం కోసం మళ్ళీ గుంటూరు రావాలి. కాబట్టి బండి కంటే ముందు ఎన్ఓసీ.

ఇన్సూరెన్సు గురించి కూడా చెప్పాలి. చాలామందికి తెలియదు. మన మామూలు కారు పాలసీ పుస్తకం తీసి చదవండి. రవాణాలో ఉన్నప్పుడు రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, విమానం, లిఫ్టు, ఇవన్నీ రాసి ఉంటాయి. సముద్రం అనే మాట ఉండదు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా 1,350 కిలోమీటర్లకు పైగా బంగాళాఖాతమే. ఆ దూరానికి విడిగా మెరైన్ ట్రాన్సిట్ పాలసీ తీసుకోవాలి. ఏజెంటు "అన్నీ మేం చూసుకుంటాం" అంటాడు. పాలసీ కాగితం మీ పేరుతో చేతికి వచ్చేదాకా ఆ మాట నమ్మకండి. ఇంకో విషయం. ఓడ ప్రమాదంలో పడితే, ఓడనూ మిగతా సరుకునూ కాపాడటానికి కొంత సరుకును సముద్రంలో పారేయాల్సి వస్తుంది. ఆ నష్టం పారేసిన సరుకు యజమాని ఒక్కడిదే కాదు. ఓడ యజమాని, సరుకులున్న వాళ్ళందరూ ఎవరి విలువ మేరకు వాళ్ళు పంచుకుంటారు. జనరల్ యావరేజ్ అంటారు దీన్ని, చాలా పాత కాలం నుంచి ఉన్న సముద్రపు రివాజు. మెరైన్ పాలసీ ఉంటే ఆ వాటా కూడా అదే కడుతుంది. ఇది చదివినప్పుడు అనిపించింది, ముక్కూ మొహం తెలియని వ్యాపారులు నడిసముద్రంలో నష్టాన్ని కూడా హిస్సాల ప్రకారం పంచుకుంటారు, మేం ఒక కడుపున పుట్టినవాళ్ళం ఒక కారును పంచుకోలేకపోయాం అని.

విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు పాసింజరు ఓడ ఉంది గానీ, సరుకు ఓడలు ఎక్కువగా దొరికేది చెన్నైలో. కాబట్టి గుంటూరు నుంచి చెన్నైకి, సుమారు 400 కిలోమీటర్లు, నేనే నడుపుకుంటూ వెళ్ళాను. మార్చి మొదటి వారం. పక్కన అమ్మీ. నేను అండమాన్ వెళ్తే ఆమె ఛోటీ దగ్గర ఉంటానంది. ఆమె సామాన్ అంతా వెనక సీట్లో, ఒక ట్రంకు పెట్టె, ఖురాన్ రెహల్, అబ్బా కుర్చీ.

చిలకలూరిపేట దాటాక అమ్మీ దాదా సంగతి ఎత్తింది. దాదా 1974లో బొంబాయి నుంచి ఓడలో హజ్‌కు వెళ్ళారు. అప్పట్లో మన వాళ్ళు చాలామంది ఓడలోనే వెళ్ళేవాళ్ళు, 1995 తర్వాత మన దేశం నుంచి ఆ ఓడలు ఆగిపోయాయి. బయలుదేరే ముందు పది రోజులు దాదా ఊళ్ళో ప్రతి గుమ్మం ఎక్కారట. "కహా సునా మాఫ్ కర్నా" అని అందరినీ అడిగారట. కిరాణా కొట్టులో 11 రూపాయలు బాకీ ఉంటే కట్టి, పుస్తకంలో కొట్టేయించి, కళ్ళారా చూసి వచ్చారట. "సముద్రం ఎక్కేవాడు తిరిగొస్తాడో లేదో ఎవరికి తెలుసు బేటా. అందుకే హిసాబ్ ఒడ్డు మీదే తేల్చుకోవాలి" అంది అమ్మీ. నన్ను ఉద్దేశించి అందో, మామూలుగా అందో తెలియదు. అమ్మీ అలా మాట్లాడుతుంది.

ఒంగోలులో ఛోటీ ఇంట్లో మధ్యాహ్నం భోజనం. దాల్చా, అన్నం. తిన్నాక కవరు తీసి ఆమె ముందు పెట్టాను. 52,500 అని పైన రాసి, లోపల లెక్క రాసిన కాగితం. ఆపాకు అప్పటికే ఇచ్చాను, ఆమె తీసుకుని లెక్కబెట్టి, "ఇది కరెక్టు పని తమ్ముడూ" అంది. అమ్మీ తన 30,000 ఛోటీ దగ్గరే దాచమంది.

ఛోటీ కవరు ముట్టుకోలేదు. నేను ఇంకో మాట కూడా అన్నాను. దారి పొడుగునా ఆలోచించుకున్న మాట. "కారు ఇక్కడే వదిలేస్తా ఛోటీ. అమ్మీ నీ దగ్గర ఉంటుంది. నీకే అవసరం ఎక్కువ. నేను అక్కడ ఏదో చూసుకుంటా."

ఆమె చాలాసేపు కవరు వైపు చూసింది. "నాకు కారొద్దు భయ్యా. ఆయనకు నడపడం రాదు, పెట్టుకోను జాగా లేదు. నా హిస్సా నాకు చాలు" అంది. కవరు తీసుకుంది. కాగితం మడత విప్పి నాలుగు లైన్లూ చదివింది. ఈసారి చదివింది. తర్వాత, "టైర్లు మార్పించావా?" అని అడిగింది.

నా నోట మాట రాలేదు. "మార్పించా" అన్నాను. "కహా సునా మాఫ్ కర్, ఛోటీ."

"అల్లాహ్ సలామత్‌గా తీసుకెళ్ళాలి" అంది. మాఫ్ చేశానని అనలేదు. అడగడం వరకే నా పని.

చెన్నైలో మన్నడి దగ్గర లాడ్జిలో దిగి, మర్నాడు పొద్దున హార్బరు వైపున్న యార్డుకు కారు తీసుకెళ్ళాను. పెట్రోలు ట్యాంకు దాదాపు ఖాళీ చేయమన్నారు, నిప్పు భయం. లోపల విడి వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదన్నారు. అలలకు ఓడ ఊగితే లోపలి సామాను అద్దాల్ని పగలగొడుతుంది. పైగా దారిలో ఏం పోయినా జిమ్మేదారీ వాళ్ళది కాదు. అద్దానికి వేలాడే అబ్బా తస్బీహ్ తీశాను. డాష్‌బోర్డు ఖాళీ చేశాను. డ్రైవరు సీటు కింద చెయ్యి పెడితే ఒక చిన్న నోటు పుస్తకం దొరికింది.

అబ్బా పెట్రోలు లెక్క. తారీఖు, లీటర్లు, మీటరు మీద కిలోమీటర్లు, పక్కన ఎందుకు వెళ్ళిందీ. అబ్బా గుండ్రటి పండితుల దస్తూరీ. "పక్కింటి వారి అబ్బాయి, ఆసుపత్రి, రాత్రి." "జనాజా, పొన్నూరు రోడ్డు." "ఒంగోలు, ఛోటీ." "ఒంగోలు, ఛోటీ, మందులు." "ఒంగోలు." నెలకొకసారి ఆ మాట ఉంది. చివరి రాత 2021 జూన్. అక్కడి నుంచి పేజీలు ఖాళీ. నా ఏడాదిన్నర తిరుగుళ్ళు ఎవరూ రాయలేదు, రాసి ఉంటే అందులో ఒంగోలు ఒక్కసారి కూడా ఉండేది కాదు.

ఒక పేజీ ఫోటో తీసి ఛోటీకి వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు వెంటనే వచ్చాయి. జవాబు రాత్రి వచ్చింది. "ఆ పుస్తకం పారేయకు భయ్యా."

కారును అప్పగించేటప్పుడు నాలుగు వైపులా, పైకప్పు, అద్దాలు, మీటరు రీడింగు, అన్నీ ఫోటోలు, వీడియో తీశాను. అందులో ఉన్న గీతలన్నీ వాళ్ళ చీటీలో రాయించి సంతకం తీసుకున్నాను. మీరూ అలాగే చేయండి. కంటైనర్లోకి ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వేసి, బ్యాటరీ వైరు తీసి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు కొట్టి, బెల్టులతో బిగించారు. తలుపులు మూసి సీలు వేస్తుంటే అబ్బా ఖబర్ మీద మట్టి వేసిన రోజు గుర్తొచ్చింది. ఎందుకో చెప్పలేను.

ఓడ ప్రయాణం మూడు నాలుగు రోజులే. కానీ ఓడలో చోటు దొరకడం, రేవులో వరస, అక్కడ దించుకోవడం, అన్నీ కలిపి మూడు వారాలు పట్టింది. మేం ఫ్లయిటులో ముందే చేరాం. కాబట్టి బండి వచ్చేదాకా ఆటో ఖర్చులు, స్కూలు ఏర్పాట్లు లెక్కలో పెట్టుకోండి. హడ్డో రేవులో కారు నా చేతికి వచ్చేసరికి రంజాన్ మొదలై నాలుగు రోజులైంది. ఎడమ అద్దం విరిగి ఉంది. "అది ముందే విరిగింది" అన్నారు. వీడియో చూపించాక మాట మార్చారు, అద్దం డబ్బులిచ్చారు. బండి మీదంతా ఉప్పు పొర. ఇంటికి తెచ్చిన రోజే మంచినీళ్ళతో కింద నుంచి పైదాకా కడిగించి, అడుగున తుప్పు పట్టకుండా పూత వేయించాను. ఏడాదిలో సగానికి పైగా వాన పడే ఊరు, చుట్టూ ఉప్పు గాలి. అక్కడ బండికి వయసు తొందరగా వస్తుంది.

అక్కడి సంగతులు కొన్ని. పెట్రోలు చవక, గుంటూరులో లీటరు 100 దాటినప్పుడు అక్కడ 80 పైచిల్లర. విడిభాగాలు మాత్రం ఓడ మీదే రావాలి, కాబట్టి ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు వెంట తెచ్చుకోండి. ఉత్తరాన డిగ్లీపూర్ దాకా వెళ్ళే అండమాన్ ట్రంక్ రోడ్డులో జిర్కాటాంగ్ నుంచి జార్వాల అడవి వస్తుంది. అక్కడ బండ్లన్నీ కాన్వాయ్‌గా కలిసి వెళ్ళాలి, ఆగకూడదు, ఫోటో తీయకూడదు. ఇక చాథమ్ నుంచి బంబూఫ్లాట్‌కు బండ్లను దాటించే ఫెర్రీ ఉంది. ఆ అవతల 1921 మలబారు తిరుగుబాటు తర్వాత పంపించబడ్డ మాప్పిళాల ఊళ్ళున్నాయి. తాము పోగొట్టుకున్న ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. వాళ్ళకు ఒడ్డు మీద హిసాబ్ తేల్చుకునే మౌకా ఎవరిచ్చారు? మా ఆఫీసులో పనిచేసే ఒకాయన ఆ వైపు ఇంటికి ఇఫ్తార్‌కు పిలిస్తే, అబ్బా కారు మళ్ళీ ఒకసారి నీళ్ళ మీదకు ఎక్కింది. ఈసారి నేను లోపలే ఉన్నాను.

ఆ ఏడాది నవంబరులో ఫారం 27 పెట్టి కొత్త నంబరు తీసుకున్నాను. ఏఎన్ 01. ఏపీ 07 ప్లేట్లు విప్పుతుంటే మెకానిక్ "పారేయనా?" అన్నాడు. వద్దన్నాను. నంబరు పోయినా ఛాసిస్ నంబరు అదే ఉంటుందని రవాణా ఆఫీసులో చెప్పారు.

ఛోటీ తన హిస్సాకు కొంత కలిపి సెకండ్ హ్యాండ్ స్కూటీ కొనుక్కుంది. అమ్మీ 68 ఏళ్ళ వయసులో బుర్ఖా సర్దుకుని వెనక కూర్చుని ఆసుపత్రికి, దర్సుకు వెళ్తోంది. మొన్న ఫోన్లో "మీ అబ్బా కారు కంటే ఇదే నయం బేటా, గాలి తగులుతుంది" అంది. పక్క నుంచి ఛోటీ నవ్వు వినపడింది. చాలా రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు.

అబ్బా నోటు పుస్తకం ఇప్పుడు మళ్ళీ డాష్‌బోర్డులోనే ఉంది. ఖాళీ పేజీల్లో నేను రాస్తున్నాను. తారీఖు, లీటర్లు, కిలోమీటర్లు, ఎందుకు వెళ్ళిందీ. ఆఖరి గడి నింపడమే కష్టంగా ఉంది. చాలా రోజులు అందులో "ఆఫీసు" అని తప్ప ఏమీ ఉండదు. అప్పుడప్పుడూ మాత్రం "పక్కింటి వారు, జి.బి. పంత్ ఆసుపత్రి, రాత్రి" అని రాసే నసీబ్ దొరుకుతుంది.

ద్వీపానికి బదిలీ అయి కారు తీసుకెళ్ళాలనుకునే వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఆర్సీ, ఎన్ఓసీ, మెరైన్ పాలసీ, ఫోటోలు, ఈ నాలుగూ మర్చిపోకండి. బండి అబ్బాదో అమ్మీదో అయితే, ఈ నాలుగింటి కంటే ముందు ఒక కాగితం తీసుకుని హిస్సాలు రాయండి. ఓడ వాళ్ళు అడిగేదాకా ఆగకండి.

దువాలో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.